రెండు వేళ్ల సందు

రాయదుర్గంలో కుట్టిన ప్యాంట్లన్నీ
బళ్లారి బస్సెక్కి పోతాయి.
మిగిలిన పేలికలు
దస్తగిరమ్మ వాకిట్లో, గోనెసంచిలో ఉంటాయి.

"ప్యాంటు తర్వాత పాపా, ముందు చదరం కుట్టు" అనింది.
నాలుగంగుళాలు, కుట్టుకు ఇంకో అర.
"టీ గ్లాసు కింద ఏసుకునేది, అంతే.
తప్పుబోయినా ఎవరి నడుమూ బిగుసుకోదు."

పైకి జీన్సు, అడుక్కి అమ్మ చీర,
కడుపులోకి దుప్పటి ముక్క.
అరిగిపోయిన సబ్బుబిళ్లతో గీత.
మంచి ముఖాలు రెండూ లోపలికి తిప్పి
ఒకదాన్నొకటి చూసుకునేట్టు పెట్టల్ల,
అలిగిన తోడికోడళ్లను
ఒక గదిలో కూచోబెట్టినట్టు.

తొక్కుడు మిషను నా మాట వినలేదు.
ముందుకు తొక్కితే వెనక్కి తిరిగి
అడుగున దారంతో పిచ్చుకగూడు కట్టింది.
పదహారో నంబరు సూది
టక్కుమనింది.
దస్తగిరమ్మ ఏమీ అనలేదు,
కొప్పులోంచి తీసినట్టు ఇంకో సూది తీసి బిగించింది.

నాలుగు పక్కలా కుట్టేసినాను.
గట్టిగా, మొదలూ చివరా ముడులేసి.
ఆమె అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"బాగుంది మే.
మరి దీన్ని తిరగేసేది యాడనుంచి?"

మంచి ముఖాలు లోపలే ఉండిపోయినాయి.
బయటికి దారం కొసలు,
సబ్బు గీతలు,
నేను.

"రెండు వేళ్ల సందు ఇడవల్ల" అని
బ్లేడు చేతికిచ్చింది.

రెండోదానికి ఇడిసినా.
మూలలు కత్తిరించి, ఆ సందులో వేలు పెట్టి లాగితే
మేక ఈనినట్టు
మొదట ఒక చెవి, తర్వాత తల,
తర్వాత ఒక్కసారిగా అంతా.
చీపురుపుల్లతో మూలలు పొడిచినా.
మూడు లేచినాయి, ఒకటి మొద్దుగానే నిలబడింది.
పసుప్పచ్చ దారంతో చుట్టూ ఇంకో కుట్టేస్తే
సందు ఎక్కడుండేదో నాకే తెలీలేదు.

ట్యాంకరు నీళ్లు పట్టుకొచ్చిన అమ్మకిచ్చినా.
దాంతోనే చేతులు తుడుచుకుంది.
"మసిగుడ్డ ఇంత చిన్నదేందే?"
"కాదు మా, టీ గ్లాసు కింద పెట్టేది.
బల్ల మీద మరక పడకుండా."

అమ్మ ఇల్లంతా చూసింది.
నేనూ చూసినా.
మంచం. ట్రంకుపెట్టె. బియ్యం డబ్బా.
కడపబండలు పరిచిన నేల.
మా ఇంట్లో బల్ల లేదని
పంతొమ్మిదేండ్లుగా నాకు తెలుసు.
కుట్టేటప్పుడు మాత్రం
ఉన్నట్టే కుట్టినా.

అమ్మ చదరాన్ని తిరగేసింది.
"ఇది జాతరకు తీసుకున్న చీర కదా?"
"సినిగింది మా."
"యాడ?"
"కత్తిరించిన చోట."

చీపురు కోసం అటూ ఇటూ చూసింది గానీ
పుల్లలు సగం దస్తగిరమ్మ ఇంట్లోనే ఉన్నాయి.

తెల్లారి లేచేసరికి
ట్రంకుపెట్టె మీద గ్లాసు,
గ్లాసు కింద చదరం.
జీన్సు అడుక్కి, చీర పైకి.
చీర పువ్వు చుట్టూ
తడి ఆరని టీ వలయం.

ఆరైతేనే సెట్టంట,
ఇంకా ఐదు కుట్టల్ల.
మా ఇంట్లో గ్లాసులు మూడే.