గురువారం సాయంత్రానికల్లా

కుమాసీలో అంత్యక్రియలన్నీ శనివారమే
కాబట్టి నాకు ప్రతి వారం గురువారమే గడువు.
టైర్ల కొట్టుకీ, జొన్నజావ అమ్మే ఆమెకీ నడుమ
అంపొఫో గారి ప్రింటింగ్ షాపు.
డిప్లొమా చేతికొచ్చిన మూణ్ణెల్లకి
అక్కడ తేలాను.

పోయినవాళ్ళు వాట్సాప్‌లో వస్తారు:
ఓటరు కార్డులోంచి కోసిన ముఖం,
ఎవరి పెళ్ళిలోనో పక్కకి తిరిగి నవ్విన నవ్వు,
భుజం మీద ఇంకెవరిదో చెయ్యి.
ముందు ఆ చేతిని తుడిచేస్తాను.
జుట్టు చుట్టూ వెంట్రుకవాసి తేడా రాకుండా
వెనకున్న గోడని కత్తిరిస్తాను.
చొక్కా లేని తాతకి కెంటె వస్త్రం కప్పుతాను.
నిండు వయసులో వెళ్ళినవాళ్ళకి తెలుపు, బంగారు అంచు.
మోటార్‌సైకిల్ మీంచి పోయిన ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి
ఎర్రగా, అడ్డంగా: "ఎంత ఘోరం!"
ఆ ఆశ్చర్యార్థకం ఎంత లావుండాలో
మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఖాళీ జాగా కూడా మాట్లాడుతుందని చెప్పారు.
ఇక్కడ దాన్ని మాట్లాడనివ్వరు.
"ఇంత చోటు ఊరికే ఒదిలేశావేం?
మా కుమాసీ చిన్నమ్మ పేరు పెట్టు, లండన్ బావది పెట్టు,
కుటుంబ పెద్ద పేరు అందరికన్నా పైన, గుర్తుందా?"
నలభై ఒక్క పేర్లు. ఒక్క కాగితం.
పిండికొద్దీ రొట్టె అంటూ
అంపొఫో గారు అక్షరాల సైజు తగ్గించమంటారు.
తెర మీద నెత్తురులా ఉన్న ఎరుపు
కాగితం మీద ఇటుక రంగై దిగుతుంది.
"అచ్చుకి పోయాక దిద్దలేం అఫ్రియే,
అచ్చం చావులాగే" అని
తన జోకుకి తానే నవ్వుకుంటారు.

రాత్రి, కరెంటున్న రాత్రి,
పోర్ట్‌ఫోలియో.
లేని కాఫీ కంపెనీకి లోగో,
లేని విమానాల తోకలకి రంగులు,
ఎవరూ తాగని నీళ్ళ సీసాకి ఆరు లేబుళ్ళు.
ఎంతో ఖాళీ జాగా. నా ఇష్టం వచ్చినంత.
నేను చేసిన మూడొందల మంది చనిపోయినవాళ్ళు
వేరే ఫోల్డర్లో, తాళం వేసి.

ఆక్రాలో ఏసీ గది. దెదే లాంప్టే అనే ఆవిడ
పేజీలు తిప్పింది, విసనకర్ర తిప్పినట్టు.
"బావున్నాయి. ఈ వారం వచ్చిన తొమ్మిదిమందివీ
ఇలాగే బావున్నాయి."
అప్పుడే ఫోను మోగింది. మోగుతూనే ఉంది.
"అమ్మాయ్, మా నాయనమ్మకి ఎనభై తొమ్మిది కాదు,
నూట రెండట! ఊళ్ళో పెద్దాయన వచ్చి తిడుతున్నాడు!"
ఆ రోజు గురువారం.

క్షమించమని లాప్‌టాప్ తెరిచాను.
రెండంకెలున్న చోట మూడంకెలు,
పేరు పక్కకి జరగాలి, పేరు జరిగితే పువ్వు జరగాలి,
ఒకటికీ సున్నాకీ మధ్య ఎడం
ముసలామె పంటి సందులా ఉంది, దగ్గరికి లాగాను,
మరీ దగ్గరైంది, కాస్త ఒదిలాను.
ఆవిడ లేచి వచ్చి నా వెనక నిలబడింది.
ఏమీ అనలేదు.
పంపించాక, "ఎవరావిడ?" అంది.
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
ఆవిడ కళ్ళు మాత్రం కొంచెం తేటగా చేశాను.

కబురు చేస్తామన్నారు. ఇంకా చెయ్యలేదు.

తిరుగు బస్సు న్‌కాకాలో ఆగింది.
వేయించిన అరటిముక్కల పొట్లం కొన్నాను.
కిటికీ ఎదురుగా కరెంటు స్తంభం మీద నాదే పోస్టర్,
రెండు శనివారాల కిందటిది,
హర్మట్టన్ దుమ్ముకి తెలుపు కాస్తా గోధుమరంగైంది.
ఓ మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది.
దాని కింద ఇంకో షాపుది, పాతది.
వంకర అక్షరాలు. సాగదీసిన ముఖం.
భుజం మీద ఎవరిదో చెయ్యి,
మణికట్టు దాకా, ఉంగరంతో సహా,
ఒదిలేశాడు.

నేనైతే తుడిచేసేదాన్ని.
బస్సు కదిలేదాకా
ఆ ఉంగరాన్నే చూస్తూ కూచున్నాను.