మేకల తరగతి

ఆ ఫిల్ము దొరికిందా అని అడుగుతున్నావు.
నేనెక్కడ కూర్చుని చూశానో ముందు అది విను.

తెర వెనక.
అవతలివైపు మెత్తటి కుర్చీలు డచ్చి దొరలవి,
వాళ్ల పక్కన చీనా షావుకార్లు, పట్టు జాకెట్ల పెళ్లాలు.
మాకు ఇవతల వెదురు బల్లలు, తలకి ఐదు సెంట్లు.
టికెట్టు మీద ఏం రాసి ఉన్నా
బతావియా అంతా దాన్ని మేకల తరగతి అనేది.
వెలుతురు ఇటు దిగాలని ఆట ముందు
ఒక కుర్రాడు బొక్కెనతో తెర తడిపేవాడు.
మొదటి పావుగంట మా మీద సినిమా చినుకులు.

అక్క పేరు చివరి నుంచి మొదటికి నడిచి వచ్చింది.
గోడ కాగితం మీద మిస్ కార్సినా అని
కూడబలుక్కుని మురిసినదాన్ని,
ఇక్కడ ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను.
తర్వాత ముఖం. ఎడమ చెంప మచ్చ కుడి చెంపకి మారింది.
ఎడం చేత్తో అన్నం తింటోంది!
పక్కావిడ ఛీ అంది.
అమ్మమ్మ తమలపాకు బుగ్గన పెట్టుకుని,
"తోలుబొమ్మలాటకి తప్పు వైపుంటుందటే?" అంది.

ఆ బొమ్మలో నాకూ ఉద్యోగముంది, జీతం లేదు.
బాబా తియో గారి స్టూడియో అంటే సగ్గుబియ్యం గిడ్డంగి,
ఎండ కోసం పైకప్పు సగం పీకేశారు.
రైలొస్తే ఆపాలి, వానొస్తే ఆపాలి,
దూలం మీద తొకే బల్లి కూసిందంటే రీలు దండగ.
పొడవాటి వెదురు పట్టుకుని దాన్ని తోలడం నా పని.
ఒక్కరోజు నిద్రపోయాను.
"నాతో వస్తావా?" అని సర్మోజో అడిగాడు,
అక్క నోరు తెరిచే లోపల అది అందుకుంది.
మళ్లీ తీయడానికి ఫిల్ము లేదు.

హాల్లో, మేకల తరగతి మొత్తం గొంతెత్తి లెక్కపెట్టింది:
ఒకటి, రెండు... ఏడు.
బేసి వస్తే అవునని.
తెర మీద అక్క "రాను" అంది.
ఎవరూ నమ్మలేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు.
మా ఇంట్లో ఉన్నది ఒకటే అద్దం, కింది మూల పగిలింది.
అక్క ముడి వేసుకుంటుంటే వెనక నిలబడి
అందులోనే ఆమెను చూసేదాన్ని.
అద్దంలో మచ్చ ఎటుండేదో
తెర వెనక నాకూ అటే ఉంది.
డబ్బిచ్చి ముందు కూర్చున్నవాళ్లకి దొరికింది
ఊరందరికీ తెలిసిన కార్సినా.
ఐదు సెంట్లకి మేం చూసింది
ఆమె తనకి తాను కనిపించిన తీరు.

జపాను వాళ్లు వచ్చి గిడ్డంగికి తాళం వేశారు.
కెమెరా పోయింది, తర్వాత బాబా తియో.
సర్మోజోని రైలు పట్టాలు వేయడానికి లారీ ఎక్కించారు.
రీళ్లని ఎవడో తూకానికి కొన్నాడట,
బొమ్మ కడిగేసి, కరిగించి,
కాగితం గొడుగులకి పూతగా అమ్మాడట.
ఆ ఏటి వానలో
ఎవరి నెత్తిన నిలబడి తడిసిందో మా అక్క.

తను మాత్రం మళ్లీ ఆ మాటెత్తలేదు.
సెనెన్ బజారులో ముప్ఫై ఏళ్లు వేరుశెనగ పచ్చడి నూరింది.
బల్లి కూస్తే రోకలి ఆపేది.
పెదాలు కదిలేవి, అంతే.

లేదు బాబూ, ఫిల్ము లేదు.
నీ టేపు తిరుగుతోందా? తిరగనీ.
దూలం మీద ఏదో కదిలింది.
కూయనీ,
ఈసారి నేను వెదురు తియ్యను.