మూడు ఎర్ర గీతలు

ల్యాబు వెనక సిమెంటు తొట్టెలో
ఆరు పడవలు వదిలాను.
ఒక్కోటీ చెప్పుల పెట్టంత.
సరంగు లేడు, వైర్‌లెస్ కూత లేదు.
ఏ పడవకైనా వినిపించేది
పక్కనున్న ఒకటి రెండింటి మాటే.
తొట్టె నడుమ అడ్డంగా కొబ్బరితాడు కట్టాను.
అది సున్నా.

బోర్డు మీద పచ్చ సుద్దతో కలిపిన జంట
"నువ్వెక్కడుంటే నేనక్కడ" అనుకుంటుంది.
ఎర్ర సుద్దతో కలిపితే
"తాడుకి నువ్వెంత ఇవతలో నేనంత అవతల."
అంతకుమించి వాటికి నేనేమీ నేర్పలేదు.

అన్నీ పచ్చగీతలైతే ఒకచోట గుమిగూడతాయి
పెళ్ళి ఫోటోలో చుట్టాల్లా.
చూడ్డానికి బావుంటుంది,
పేపరు రాయడానికి పనికిరాదు.
ఎర్రవి కలిపినా, లెక్క కుదిరిందంటే
రెండు జట్లయి తాడుకి అటో జానెడు
ఇటో జానెడు దూరంలో ఆగుతాయి.
పగవాడి పగవాడు మనవాడే కదా.

ఈ రాత్రి మాత్రం ఒక మూడింటి మధ్య
మూడూ ఎర్రగీతలే గీశాను.
నలభై నిమిషాలు కొట్టుమిట్టాడాయి.
ఒక్కొక్కటే వచ్చి తాడుకి ఆనుకున్నాయి.
ఆ తగాదాలో లేని మిగతా మూడూ
వాటి వెనకే వచ్చి ఆనుకున్నాయి.
మోటార్లు తిరగడం మానేశాయి.
ఎవరూ గెలవలేదు. ఎవరూ ఒప్పుకోలేదు.
నోట్సులో "సున్నా" అని రాసి
కింద గీత కొట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మ.

రింగు వలల గొడవ ముదిరిన ఏడాది
ఫిషింగ్ హార్బరులో, మా జెట్టీ మీద
పాట పాడేవాళ్ళు ముగ్గురు:
మా అమ్మ ఎర్రయ్యమ్మ,
చోడిపిల్లి కాసులమ్మ, పేర్ల బంగారి.
ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు.
ఒకరి వల కోశారు, ఒకరి తెప్ప కాలింది,
ఇంకొకరి కొడుకు స్టేషన్లో ఉన్నాడు.
పదకొండు రోజులు పాట లేదు.
కోనాం లేదు, కానాగడత లేదు.
ఐసు ఫ్యాక్టరీ ఊపిరి బిగబట్టింది.
కాకులు విసుగెత్తి కాంప్లెక్సు వైపు పోయాయి.
కొండ మీద లైటొక్కటే
ఎవరికోసమో తిరుగుతూ ఉంది.

ఆర్డీవో వచ్చాడు. కులపెద్దలు వచ్చారు.
ఎవరో నాయకుడి తమ్ముడొచ్చి
కుర్చీ వేయించుకుని, టీ తాగి వెళ్ళాడు.
ముగ్గురూ ముగ్గురే, తలో బోర్లించిన ట్రే మీద,
సముద్రం కేసి చూస్తూ.

పన్నెండో నాడు, ఇంకా తెల్లారకుండా,
అమ్మ అడ్డచుట్ట తీసి, బొడ్లో తడుముకుని
చీకట్లోకి అంది:
"అగ్గిపెట్టుందేటే ఎవుల్దగ్గరైనా?"
చాలాసేపటికి బంగారి విసిరింది.
ఇవ్వలేదు, విసిరింది.
పుల్లలు రెండే ఉన్నాయట.
ఒకటి గీసుకుని
పెట్టె తిరిగి విసిరింది అమ్మ.

మొదటి పడవ కట్టేసరికి
అమ్మా బంగారీ ఒకవైపు,
కాసులమ్మ ఒక్కతే అవతల.
ఒక్కతే అయినా ఇద్దరికి సరిపడా గొంతు.
"ఆరొందలు!"
"నీ మొకం, ఏడొందలు!"
ఐసు పగిలింది. తక్కెళ్ళు మోగాయి.
కాకులకి ఎవరు చెప్పారో, వచ్చేశాయి.

"అయితే రాజీ పడ్డారన్నమాట"
అన్నాను చాన్నాళ్ళ తర్వాత.
"రాజీ ఏట్రా గుంటడా,
తగువు సక్కగా ఆడుకోడం మొదలెట్టేం గానీ."

మూడున్నర అయింది.
స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం కాగుతోంది.
ఒక ఎర్రగీత తుడిచి పచ్చది గీశాను.
పడవలు కదల్లేదు.
కదలవు. తాడుకి ఆనుకున్నాక
పక్కదాన్ని ఎంత విన్నా సున్నాయే వినిపిస్తుంది,
గీత మారినా మారకున్నా.

చొక్కా చెయ్యి మడిచి
ఒకదాని పక్కన
నీళ్ళలో వేలు పెట్టి కదిపాను.