బూట్ల బాకీ

చివరి ఏడాది మా అమ్మమ్మ
నా పేరు మర్చిపోయింది, తన పేరు మర్చిపోయింది,
టీలో చక్కెర వేసుకుంటుందో లేదో మర్చిపోయింది.
ముప్పై ఒకటి, ఎనభై ఆరు.
అదొక్కటి మాత్రం
జపమాల పూసలా వేళ్ల మధ్య తిప్పుకుంటూ ఉండేది.
టెలిఫోన్ నెంబరేమో అన్నాడు మామయ్య.
చర్చి పాట నెంబరేమో అంది నర్సు.
నేను దుప్పటి సర్ది లైటు ఆర్పేదాన్ని.

మాకు తెలిసింది ఇంతే:
అమ్మమ్మ పుట్టింటి పేరు బ్లాక్. యానీ బ్లాక్.
లానార్క్‌షైర్‌లో బొగ్గు గనుల వీధిలో పెరిగింది.
చార్లీ అని ఒక అన్న ఉండేవాడు.
ఉండేవాడు, అనేసరికి
ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు లేచి కిటికీ మూసేవాళ్లు.

రిటైరయ్యాక, మోకాలి ఆపరేషనయ్యాక
గ్లాస్గో రికార్డుల ఆఫీసులో కూర్చున్నాను.
చార్లీ బ్లాక్‌లు నలభై ముగ్గురు.
ఒకడు తాగి కాలవలో పడ్డాడు, ఒకడు పాస్టరయ్యాడు,
ఒకడికి పదకొండు మంది పిల్లలు.
మావాడు లేడు.
కాగితాల లెక్కన మావాడు పుట్టనే లేదు.

"లిథువేనియా నుంచి వచ్చినవాళ్లయి ఉంటారు,"
అన్నాడు రూరీ, అక్కడి కుర్రాడు.
"జీతాల గుమాస్తాకి వాళ్ల పేర్లు నోరు తిరిగేవి కావు.
తోచింది రాసేసేవాడు."
యూదిస్. అంటే నల్లనివాడు.
మా గుమాస్తా కాస్త మర్యాదస్తుడే, అర్థం అడిగి రాశాడు.
సాయంత్రానికి మగాళ్లందరూ నల్లబడి పైకొచ్చే ఊళ్లో
మావాడికి అది పేరైపోయింది.
కజిమియెరస్ యూదిస్.
వేడి బంగాళాదుంపని తిప్పినట్టు
ఆ పేరుని నోట్లో అటూ ఇటూ తిప్పి చూశాను.
అమ్మమ్మ ఓనుతె అట.
తొంభయ్యేళ్లు మా మధ్య వేరే పేరుతో తిరిగింది.

నెంబరు సంగతి తేల్చింది రూరీ వాళ్ల నాయనమ్మ:
"సొసైటీ కొట్టు నెంబరే పిల్లా అది!
మాది ఇరవై రెండు, నలభై.
సరుకులకి వెళ్తే అదే చెప్పేవాళ్లం. చచ్చేదాకా పోదు."

పద్దు పుస్తకం అట్ట ఊడిపోయింది.
3186. సి. బ్లాక్.
1917 జూలై. గని బూట్లు ఒక జత. అప్పు.
పక్కన పెన్సిల్‌తో, చిన్నగా: రష్యాకి.
ఇక్కడి సైన్యంలో చేరతావా, అక్కడికి పోయి చస్తావా
అని అడిగిన ఏడాది అది.
కింద మరో చేతిరాత:
యానీ, ఆరు పెన్నీలు.
యానీ, ఆరు పెన్నీలు.
యానీ, నాలుగు.
ఆ వారం ఏమైందో.
పదమూడేళ్ల పిల్ల, ఎవరి మెట్లు తోమిందో,
నడిచి వెళ్లిపోయిన బూట్లకి
ఏడాదిన్నర వాయిదాలు కట్టింది.
ఆఖర్న ఎర్రసిరా గీత. చెల్లు.

తర్వాత రెండేళ్లు ఉత్తరాలు.
మరియంపోలె దగ్గర ఒక పల్లె చర్చి పుస్తకంలో
1922లో ఒక పెళ్లి. వరుడి వృత్తి: బొగ్గుగని పనివాడు.
ఆ చుట్టుపక్కల ఎంత తవ్వినా బొగ్గు లేదు.
బీట్‌రూట్ పొలాలు, బురద, బాతులు.
మావాడే. ఇంకెవడు రాయించుకుంటాడలా?

కూతురు బతికే ఉంది. బ్రోనె. ఎనభై ఎనిమిదేళ్లు.
బూట్ల కథంతా రాసి, అనువాదం చేయించి పంపాను.
మీ నాన్న ఎప్పుడైనా ఈ నెంబరు అన్నాడా?
ఓనుతె అన్నాడా?

నెలన్నరకి జవాబొచ్చింది. పొట్టిగా, కాస్త కోపంగా.
నెంబరేదీ తెలియదు.
ఓనుతె అంటే మా మేక. అది చచ్చిపోతే
ఇంకో మేకకీ అదే పేరు పెట్టాడు. ఎందుకో మేం అడగలేదు.
నాన్న ఎవరికీ చిల్లిగవ్వ బాకీ లేకుండా పోయాడు.
ఆ బూట్ల డబ్బు ఇంకా మిగిలుంటే, ఇదిగో.

కవర్లో నాలుగు మడతల పది యూరోల నోటు.

సొసైటీ కొట్టు ఉన్నచోట ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారు.
నోటు నా కళ్లజోడు పెట్టెలోనే ఉంది.
ఏ పద్దులో జమ రాయమంటావు, అమ్మమ్మా?