గొడ్డలి పడినంత మేర

ఈ గదిలోకి పెన్ను రానివ్వం.
పెన్సిలే. అదీ మేమిచ్చిందే.
హెఫీనా ప్రోబర్ట్ తడి కోటు కుర్చీకి తగిలించి
రెండు చేతులూ తిప్పి చూపించింది,
గోళ్ళ తనిఖీకి నిలబడ్డ బడిపిల్లలా.
"కడుక్కున్నాను" అంది.
డెబ్బై ఆరేళ్ళు. ఒక మోకాలు మాట వినదు.
తల్లి వదిలి వెళ్ళిన ఒకే ఒక్క మాట పట్టుకుని
రెండు బస్సులు మారి లాండ్రిండాడ్ వచ్చింది:
"మనది కొండమీద ఇల్లు. రాత్రికి రాత్రే కట్టారు."

పటాన్ని ఇద్దరం కలిసి విప్పాం.
చర్చికి చెల్లాల్సిన పదోవంతు తేల్చడానికి
నూట ఎనభై ఏళ్ళ కిందట
ఎవడో సర్వేయరు వానలో గొలుసు లాగి గీసింది.
దుప్పటంత ఉంది. చుట్టుకుపోవడమే దాని బుద్ధి,
నాలుగు మూలలా ఇసుక సంచులు పెడితేగానీ లొంగలేదు.

అదే గొలుసు, అరవై ఆరడుగులు, వంద లింకులు,
మా తాతా లాగాడు ఒంగోలు పక్క రేగడి చేలలో.
చేయి తడిపితే రెండు లింకులు సాగేదని
ఊళ్ళో చెప్పుకునేవాళ్ళట.
అది ఆవిడకు చెప్పలేదు.

మనుషులున్న ఇంటికి గులాబి రంగు.
పశువుల కొట్టానికి బూడిద.
పటం మీద అంకెలే, పేర్లు వేరే చిట్టాలో.
వేలితో ఒక్కొక్క వరసా దిగుతూ
ఆవిడ వెల్ష్‌లో గొంతు గీరుకుంటూ చదివింది,
నేను లోపల తెలుగు చేసుకున్నాను:
ఆకలిమిట్ట. వట్టిచాకిరి. అత్తగారి మూల. కుందేళ్ళపాలు.

రాత్రి ఇళ్ళ సంగతి ఆ కొండల్లో అందరికీ తెలుసు.
పొద్దుగూకాక మొదలెట్టి
తెల్లారేసరికి పొగ లేపగలిగితే ఇల్లు నీది.
గుమ్మంలో నిలబడి గొడ్డలి విసిరితే
పడినంత మేర దొడ్డి కూడా నీదే.
ఏ చట్టంలోనూ లేదు, నేను వెతికాను.
కొండకు మాత్రం ఆ సంగతి తెలియదు.

నాలుగు వందల పన్నెండు.
ఉమ్మడి బీడు అంచున, సరళరేఖల మధ్య
గుడ్డు ఆకారంలో ఒక చెక్క.
దాని మొదట్లో మినపగింజంత గులాబి.
చిట్టాలో: ఇల్లు, తోట. అనుభవదారు, మార్గెడ్ పగ్.
ఆ వరసలో మగవాడి పేరు లేదు.

ఆవిడ పెన్సిల్ కింద పెట్టింది.
"కట్టారు, కట్టారు అనేది అమ్మ.
ఎంతమంది అని నేనెప్పుడూ అడగలేదు."

తర్వాతి పటంలో ఇల్లూ, పక్కనే బావీ.
ఆపై దాంట్లో గొర్రెల దొడ్డి, చుక్కల గీత.
యుద్ధం తర్వాత వేసిందాంట్లో
ఎత్తు చెప్పే గోధుమరంగు గీత ఒక్కటే
ఎవరి మీదా కాలు పడనట్టు దాటిపోయింది.

"గుండ్రంగా ఎందుకు లేదు?" అంది లేవబోతూ.
వానలో సర్వేయరు చెయ్యి జారిందేమో అన్నాను.
నా జీతంలో సగం ఇలాంటి మాటలకే.

మేలో ఒక శనివారం నా కారులో వెళ్ళాం.
ఇల్లు లేదు. దురదగొండి ఉంది,
మనుషులు బతికిన మట్టిని అది మరిచిపోదు.
అడవిపట్టిన గూస్‌బెర్రీ పొద. మసి వదలని ఒక రాయి.
గుమ్మం ఇక్కడ అనుకున్న చోట నిలబడి
ఆవిడ చేతికర్ర ఎగువకు విసిరింది.
నాలుగు బారలు కూడా పోలేదు.
మళ్ళీ తీసుకుని, ఆగి,
పల్లం వైపు తిరిగి విసిరింది.
కర్ర పడింది, తడి గడ్డిలో జారింది, ఇంకా జారింది,
పూడిపోయిన పాత కందకం దగ్గర ఆగింది,
సరిగ్గా గుడ్డు మొన దగ్గర.

ఎవరి చెయ్యీ జారలేదు.

హెఫీనా చాలాసేపు నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.
"గడుసుది" అంది వెల్ష్‌లో.
తర్వాత నాతో,
"వెళ్ళి నా కర్ర పట్రా.
అది లేకుండా నేను దిగలేను."