కాటా ముల్లు

ముందు బస్తాలు వచ్చాయి.
కారణం తర్వాత తెలిసింది.

అక్రాలో, ఓడా ఏటి ఒడ్డున,
ఉల్లిపాయల సంత వెనక మా రేకుల షెడ్డు.
ఉత్తరాది నుంచి హర్మట్టాన్ దుమ్ము దిగే రోజులు.
నెత్తిన మోసుకొచ్చిన పిల్లలు బస్తా దించి
మెడలు నిమురుకుంటూ నిలబడ్డారు.
మూతి విప్పితే అన్నీ ఫోన్లే.

పధ్నాలుగేళ్ళుగా ఈ కాటా మీద తూస్తున్నాను:
రాగి, సీసం, ఫ్రిజ్ కంప్రెసర్లు,
ఓసారి ఒక చర్చి గంట.
ఫోన్లంటే చచ్చినవే వచ్చేవి.
బకెట్లో పడ్డవి, లారీ కింద పడ్డవి,
మొగుడి మీది కోపంతో గోడకు కొట్టినవి.
ఇవి అలా కాదు.
కొన్నిటికి గీత కూడా పడలేదు.
తియుంబా ఒకదాని బొత్తాం నొక్కితే
తెర వెలిగింది, టైము చెప్పింది.
"బతికే ఉందక్కా" అన్నాడు, సుత్తి కింద పెట్టి.

కంపెనీవాళ్ళు పాత సిగ్నల్ ఆపేశారట.
కొత్తదానికి గాలిలో చోటు చాల్లేదట.
గాలికీ గజాల లెక్కుంటుందని
నాకప్పుడే తెలిసింది.
"సుత్తి ఎత్తు" అన్నాను.
"బస్తాకి డబ్బిచ్చింది నేను."

ఆ వారం ఆకులో కట్టిన బొబ్బర్ల అన్నంలో
అందరికీ గుడ్డు.
నాకు చేప కూడా.

పాత పలకల్లో బంగారం కంటికి ఆనేది,
పసుపు రాసిన గడపలా.
కొత్త ఫోన్లలో దాని పుకారే ఉంటుంది.
వాటికి స్క్రూలుండవు, జిగురు.
వేడి చేస్తే గానీ నోరు తెరవవు,
వేడి చేస్తే బ్యాటరీ పొట్ట ఉబ్బుతుంది.
తియుంబా ఎడమచేతి కట్టు అలా వచ్చిందే.

మూడో వారానికి ప్రతి షెడ్డులోనూ అదే సరుకు.
వాన బాగా కురిసిన ఏడు టమాటాలా
పాత ఫోన్ విరగకాసింది.
ధర ఎటు పోతుందో టమాటా రైతునడగండి.

ఆ మధ్యే, టవర్లెక్కే నాపారి
తోపుడుబండి మీద ఒక తెల్ల పెట్టె తెచ్చాడు.
తలుపంత ఉంది. కొత్త టవర్‌దట, పిడుగు తిన్నదట.
విప్పితే లోపల రేకు ముక్కలు
ఎండబెట్టిన చేపల్లా వరసగా, అరవై నాలుగు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
"ఏమిస్తావు?"
అల్యూమినియానికి చెప్పాను.
తక్కినదానికి మా దగ్బానీలో పేరే లేదు.
పేరు లేనిదానికి ధర ఎక్కడ తేను?
అది ఇప్పటికీ షెడ్డు మూల నిలబడే ఉంది.
కోళ్ళు దాని నీడలో పడుకుంటున్నాయి.

తర్వాత రెండు రోజులు నా ఫోన్ మోగలేదు.
తేమా రేవు బేరగాడు సెలోమ్
పొద్దున్నే ధర చెప్పేవాడు, చెప్పలేదు.
అలిగాడనుకున్నాను.
కిందటిసారి బస్తాలో తడి ఉందని గొణిగాడు కదా,
అదే మనసులో పెట్టుకున్నాడనుకున్నాను.
పంతానికి నేనూ చెయ్యలేదు.
మూడు బస్తాలు పక్క షెడ్డువాడికి
మొన్నటి ధరకి ఇచ్చేశాను.
ధర పెరిగి అప్పటికి ఒక పూటైంది.

"అక్కా, నీది కూడా పాతదే" అన్నాడు తియుంబా,
కట్టు కట్టిన చేత్తో చూపిస్తూ.

నలభై బస్తాలు తూచాను.
ఎందుకొస్తున్నాయో ఊరందరికీ చెప్పాను.
నా నడుముకి కట్టుకున్నది
నలభై ఒకటో బస్తాలోదని తోచలేదు.

సెలోమ్ ఇప్పుడు గొంతుతో ధర చెప్పడు,
బొమ్మలు పంపుతాడు.
పాత ఫోన్ల ధర తెలియాలంటే
కొత్త ఫోన్ కొనాలి.
కొన్నాను. నాలుగు బస్తాల లాభం అందులో పోయింది.
జిగురు పెట్టి మూసిందే.
ఎప్పుడో ఒకనాడు దీన్నీ వేడి చేస్తారెవరో.

సాయంత్రం పాతదాన్ని కాటా మీద పెట్టాను.
తూకందాన్ని, అలవాటు.
మా కాటా అరకిలో లోపు దేన్నీ గుర్తించదు.
ముల్లు కదల్లేదు.

కాసేపు అలాగే చూశాను.
"ఇంకో ఐదు తెచ్చి వెయ్యరా"
అన్నాను తియుంబాతో.