మాజీ

ఫ్లెక్సీ మీద మా పేరు లేదు.
పెట్టుకుంటే కదా ఉండటానికి.
"తూర్పుగాలి మాజీ సభ్యులచే" అని వేశారు,
మాజీ సర్పంచి, మాజీ ఎంపీటీసీల వరసలో.
ప్రభుదాసు చదివి నవ్వాడు:
"మనం కూడా ఓడిపోయినట్టే రాశార్రా."

తూర్పుగాలి వాడిది.
ఒంగోలు కోర్టు కాగితంలో, గుండ్రటి స్టాంపు కింద:
పేరు, బొమ్మ, లారీ, జనరేటరు,
పదకొండేళ్ల పాటలు
అన్నీ గొంతున్నవాడికి.
మాకు చేతులు మిగిలాయి.

చీమకుర్తిలో మాల్యాద్రి బావమరిది షెడ్డు.
పగలంతా రంపం నల్లరాయి కోస్తుంది,
రాత్రి తొమ్మిది దాటాక మేము.
ప్రభుదాసు మొదటి దెబ్బకి
డ్రమ్ము మీది పొడి ట్యూబులైటు దాకా లేచి
తీరిగ్గా దిగేది మా కీబోర్డు మీదికి.
మస్తాన్ వలి తుమ్ముతూ తీగలు మార్చేవాడు.
"రాక్ బ్యాండంటే ఇదేనయ్యా, రాళ్ల బ్యాండు"
వాచ్‌మన్ పెంచలయ్యది రోజూ అదే జోకు.
మొదటి నెల నవ్వాం.

నేను బేస్.
ఆగిపోతే తప్ప ఉన్నానని తెలియని వాయిద్యం.
"ఆ పెద్ద పాటలో నీది యాడుందిరా?"
అని మా అమ్మే అడిగేది, రేడియో చెవికి ఆనించుకుని.

మాలో ఎవరికీ పాడటం రాదు.
ఒప్పుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

నిన్న సింగరాయకొండ, కాలేజీ గ్రౌండు.
కుర్చీలు సగం మడిచినవి మడిచినట్టే.
మా కొత్తవి నాలుగు వాయించాం.
బస్సు రావడం లేదని కొట్టినట్టు చప్పట్లు.
అప్పుడు వెనకనుంచి ఎవడో పిల్లోడు:
"అన్నా, ఉప్పు కొటార్లు ఎయ్యండన్నా!"

వాడి పాట.
కాదు, ట్యూను వలిది.
ఉలవపాడు దాటుతుంటే లారీ వెనక పుట్టింది,
మామిడిపళ్ల బుట్ట మీద నేను వేళ్లతో పట్టిన లెక్క.
బుట్ట సంగతి జడ్జిగారికి ఎవరు చెప్తారు?

ప్రభుదాసు మా వైపు చూడకుండానే
పుల్లలు నాలుగుసార్లు తాటించాడు.
చేతులు వెళ్లిపోయాయి.
రెండో చరణం ముందు
వాడు ఊపిరి తీసుకునే చోటొకటుంది.
అలవాటుగా అందరం ఆగాం,
లేని మనిషికి దారి ఇచ్చినట్టు.
ఆ ఖాళీలో నా బేస్ ఒక్కటే
గ్రౌండు గోడదాకా నడుచుకుంటూ వెళ్లింది.
నాకే సిగ్గేసింది.
జనం ఏదో కొత్త పద్ధతి అనుకుని
ఈలలేశారు.

ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించాక
తలా పదహారొందలు.
ప్రభుదాసు ఫ్లెక్సీ విప్పి చుట్టుకున్నాడు,
మేకల పాక మీదికి పనికొస్తుందంట.
"మాజీ అనేది పైకి పెడతావా, లోపలికా?"
వలి అడిగాడు.
"ముందు వాన పడనీ," అన్నాడు.